పూల్‌లో గోధుమరంగు మరకలా? యాసిడ్ కంటే ముందు విటమిన్ సి మాత్రతో చూడండి

నమస్తే అండి. మెట్ల మీద, అడుగున గోధుమరంగు మరకలు పడ్డాయని, షాక్ క్లోరిన్ (ఒకేసారి ఎక్కువ మోతాదులో క్లోరిన్) వేస్తే ఇంకా ముదిరాయని రాశారు. నీళ్లన్నీ తీసేసి యాసిడ్ వాష్ చేయించమంటున్నారు, చేయించాలా అని మీ ప్రశ్న. అప్పుడే వద్దండి. క్లోరిన్‌కు ముదిరే మరక చాలావరకు ఇనుముదే అయి ఉంటుంది. మాకూ సరిగ్గా ఇదే జరిగింది.

మా ఇల్లు శంకరపల్లి వైపు. పూల్ చిన్నది, సుమారు 40 వేల లీటర్లు పడుతుంది. ఎండలకు తగ్గిన నీటిని బోరుతో నింపుతూ వచ్చాం. బోరు నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అందులో కరిగి ఉన్న ఇనుము గాలి, క్లోరిన్ తగిలాకే తుప్పుగా మారి బయటపడుతుంది. ఆ సంగతి తెలియక, పాచి పడుతోందనుకుని ఒక సాయంత్రం బ్లీచింగ్ పౌడర్ గట్టిగా వేశాం. తెల్లారేసరికి నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి. రెండు రోజుల్లో ఆ రంగంతా మెట్లకు పట్టేసింది. బ్రష్‌తో ఎంత రుద్దినా కదల్లేదు.

అప్పుడు తెలిసినాయన ఒకరు మెడికల్ షాపులో విటమిన్ సి మాత్రలు కొని మరకకు ఆనించి చూడమన్నారు. మోచేతి దాకా నీళ్లలో ముంచి, రెండో మెట్టు మీద మాత్రను ఒక నిమిషం నొక్కిపట్టాను. చెయ్యి తీస్తే ఆ మేరకు గుండ్రంగా, రూపాయి బిళ్లంత చోట అసలు టైల్ రంగు బయటపడింది. చుట్టూ అంతా తుప్పు, మధ్యలో ఆ ఒక్క బిళ్ల. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను.

మీ మరక మాత్రకు లొంగకపోతే, గ్లవ్స్ వేసుకుని ఇంకోచోట మరక మీద క్లోరిన్ టాబ్లెట్ ఆనించి చూడండి (సిమెంట్, టైల్స్ పూల్ అయితేనే. లోపల ప్లాస్టిక్ షీట్ లైనర్ ఉంటే దాని రంగు పోతుంది). తేలికపడితే అది ఆకులదో, పాచిదో. నీలి ఆకుపచ్చ రంగు ఉంటే రాగి. పాచికని మైలుతుత్తం (రాగి ఉప్పు) వేసేవాళ్ల పూల్స్‌లో ఇది ఎక్కువ. దానికి విటమిన్ సి కంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) బాగా పనిచేస్తుంది. తెల్లగా గరుగ్గా తగిలితే అది మరక కాదు, ఉప్పు నీటి గార.

బాదం చెట్టు పక్కన ఉంటే ఇంకో చిక్కు ఉంది. ఆకుల్లోని వగరు నీటిలోని ఇనుముతో కలిస్తే నల్లగా అచ్చు పడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి నల్లగా తేలుతుంది చూడండి, అదే ఇది. మా మెట్ల మీద ఈనెలతో సహా ఆకు అచ్చులు పడ్డాయి. అవీ విటమిన్ సికే పోయాయి.

ఇక అసలు పని. క్లోరిన్ వేయడం ఆపి, అది దాదాపు సున్నాకు వచ్చేదాకా ఆగాలి. లేకపోతే వేసే విటమిన్ సి అంతా క్లోరిన్‌తోనే ఖర్చయిపోతుంది. ఆస్కార్బిక్ యాసిడ్ (అంటే విటమిన్ సి) పొడి 40 వేల లీటర్లకు అర కిలో సరిపోతుంది. పంపు నడుస్తుండగా మరకలున్న వైపు చల్లుకుంటూ రావాలి. మాకు గంటలోపే మెట్లు తేటపడ్డాయి.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు, వారంలో మరకలు మళ్లీ వస్తాయి. ఇనుము ఎక్కడికీ పోలేదు, తిరిగి నీటిలో కరిగింది, అంతే. అందుకే అదే రోజు సీక్వెస్టరెంట్ వేయాలి. పూల్ షాపుల్లో ఆ పేరుతో అడగండి. అది ఇనుమును పట్టి ఉంచుతుంది. తర్వాత పీహెచ్ చూసుకోండి, తప్పకుండా పడిపోయి ఉంటుంది. 7.2 పైకి తెచ్చాక, క్లోరిన్‌ను మూడు నాలుగు రోజుల మీద కొంచెం కొంచెంగా పెంచండి. ఈలోగా పిల్లల్ని దిగనివ్వకండి.

యాసిడ్ వాష్ వద్దనడానికి నాకున్న కారణాలు: అది టైల్స్ మధ్య గ్రౌట్‌ను తినేస్తుంది. పైగా వానాకాలంలో పూల్ ఖాళీగా ఉంటే కింది ఊట ఒత్తిడికి అడుగు పైకి లేచే ప్రమాదం ఉంది. బ్లీచింగ్ పౌడర్ మిగిలిన చోట యాసిడ్ పడితే వచ్చే గ్యాస్ ప్రాణాల మీదికి తెస్తుంది.

ఒకేచోట చిన్న చుక్కలా మళ్లీ మళ్లీ తేలుతుంటే మాత్రం, ముందు అక్కడ హెయిర్‌పిన్నో మేకో పడి ఉందేమో వెతకండి. ఏమీ లేకపోతే లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఉండొచ్చు. అది మేస్త్రీ పని, మందులతో పోదు.

ఇకమీదట ట్యాంకర్ నీళ్లయినా సరే, పోయించే ముందు తెల్ల బకెట్‌లో పట్టి చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దునకు టీ రంగు తేలిందంటే ఆ నీళ్లు పూల్‌లో పోయించకండి.