అమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తున్నాయా? మీ అంతట మీరే గోలీ ఆపకండి

తమ్ముడూ, పరకాలలో ఉన్న మీ అమ్మకు బీపీ గోలీ అమ్లోడిపిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెంచాక పాదాలు వాచాయని, చుట్టుపక్కలవాళ్లు కిడ్నీలు పోయాయేమో అంటున్నారని, గోలీ ఆపేయాలా అని అడిగావు. ఆపకు. అదే పొరపాటు చేసి చూసినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గుమస్తాను. మిర్చి సీజన్లో పొద్దంతా కాంటా దగ్గర నిలబడే ఉంటాను. నాకూ డోసు 10 చేశాక నెలన్నరకు మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిస్తే పట్టీల అచ్చు పాదాల మీద అట్లాగే కనిపించేది. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే గుంట పడి, నిండడానికి కాసేపు పట్టేది. తెల్లారేసరికి చాలావరకు తగ్గేది. మెడికల్ షాపులో అడిగితే నీరు పోయే గోలీ ఇచ్చారు. రాత్రి మూడుసార్లు లేవడమే గానీ వాపు తగ్గలేదు. విసుగొచ్చి బీపీ గోలీయే మానేశాను.

రెండు మూడు రోజులు ఏమీ కాలేదు. ఇక అవసరం లేదనుకున్నా. అసలు సంగతేమిటంటే ఈ మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది, సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. ఎనిమిదో రోజు కాంటా దగ్గరే తల వెనక నొప్పి, కళ్లు తిరిగాయి. చూపిస్తే 190/110. ఇంట్లోవాళ్ల ముఖాలు చూసి ఆ రోజు నిజంగా భయపడ్డాను.

హన్మకొండలో డాక్టరు మూత్రం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్త పరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. వాపు గోలీ వల్లే అన్నారు. నాకు అర్థమైంది ఇదీ: మడిలోకి నీళ్లొచ్చే తూము పెద్దగా తెరిచి, బయటికి పోయే దారి అట్లాగే ఉంచితే మడి నిండి నీళ్లు ఊరతాయి కదా. ఈ మందు రక్తం తెచ్చే నాళాలను వదులు చేస్తుంది, తిరిగి తీసుకెళ్లే సిరలను అంతగా చేయదు. అందుకే కిందకు నీరు దిగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీటి గోలీ పెద్దగా పనిచేయదు. డోసు పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది. నాకు మళ్లీ 5కు తగ్గించి, టెల్మిసార్టన్ 40 అనే ఇంకో రకం బీపీ గోలీ కలిపారు. అది సిరలను కూడా వదులు చేస్తుందట. మూడు వారాల్లో చెప్పుల అచ్చు పోయింది, బీపీ 130/80 దగ్గర నిలిచింది. మీ అమ్మకు ఏది సరిపడుతుందో మాత్రం ఆమె డాక్టరే చెప్పాలి.

అమ్లోడిపిన్‌ను 'కాల్షియం ఛానెల్ బ్లాకర్' అంటారు, ఆ 'కాల్షియం' అన్న పేరు విని అమ్మ పాలు, పెరుగు మానేసిందన్నావు. పాపం, తిననివ్వు. ఈ మందు ఆపేది రక్తనాళాల కండరంలోకి కాల్షియం వెళ్లే దారిని, ఎముకల కాల్షియాన్ని కాదు. తగ్గించాల్సింది ఉప్పు ఎక్కువుండే మామిడికాయ తొక్కు, అప్పడాలు.

ఇంకొకటి, ఇదే కుటుంబంలో డిల్టియాజెమ్, వెరాపమిల్ కూడా ఉన్నాయి. అవి గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. మా బావకు గుండె దడకు వెరాపమిల్ ఇచ్చారు, మలబద్ధకంతో చాలా ఇబ్బంది పడ్డాడు. 'రెండూ ఒకే రకం గోలీలే కదా' అని ఒకరివి ఇంకొకరు వేసుకోవద్దు.

ఒక కాలే వాచినా, పిక్క నొప్పిగా ఉన్నా, పడుకుంటే ఆయాసం వచ్చినా, ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా గోలీ వల్లేలే అనుకుని కూర్చోకండి, ఆ రోజే దవాఖానకు తీసుకెళ్లు. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే చూపించు. వెళ్లేటప్పుడు వేసుకునే గోలీల పట్టీలన్నీ, వారం రోజుల బీపీ రాసిన కాగితం పట్టుకెళ్లు. సాయంత్రం పూట పాదాల ఫోటో కూడా తీసి పెట్టుకో, పొద్దున డాక్టరు చూసే వేళకు వాపు సగం దిగిపోయి ఉంటుంది.