జారిన కుట్టుకి ముందు పిన్నీసు పెట్టు

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాను. స్వెటర్ వీపు భాగం సగం దాకా వచ్చాక మధ్యలో నిచ్చెనలా గీత పడిందని, దాన్ని సంచిలో పడేసి పదిరోజులుగా ముట్టుకోలేదని రాశావు. ముందు ఒక పని చెయ్యి, మిగతాది తర్వాత చదువుదువు గాని. ఆ నిచ్చెన కింది చివర ఒక చిన్న లూప్ ఒంటరిగా ఉంటుంది. దానికి ఒక పిన్నీసు గుచ్చి పెట్టు. ఇక అది కిందికి జారదు. అల్లికలో కుట్టు జారడం పెద్ద నష్టమేమీ కాదు. జారిన దాన్ని పట్టుకోకుండా పదిరోజులు సంచిలో అటూ ఇటూ కదలనిస్తేనే నష్టం.

పెట్టావా? ఇప్పుడు చెబుతాను.

అల్లికకి మూలమైన రెండు కుట్లు, నిట్, పర్ల్, రెండూ నీకు వచ్చు. వరుసలు చకచకా సాగుతున్నాయి. నీకు ఇంకా రానిది కుట్టును చూడడం. చాలామందికి చేతులు ముందు నేర్చుకుంటాయి, కళ్ళు ఎప్పటికో నేర్చుకుంటాయి. నాకూ అంతే అయింది. మొదటి రెండేళ్ళూ తప్పు జరిగిన ప్రతిసారీ మొత్తం విప్పేసేదాన్ని, ఎందుకంటే అక్కడ ఏం జరిగిందో నాకు కనపడేది కాదు. ఒక సాయంత్రం కూర్చుని సూది మీద ఉన్న ఒక్క లూప్‌ని మాత్రమే చాలాసేపు చూశాను. ఆ తర్వాత విప్పడం తగ్గిపోయింది.

నువ్వూ చూడు. సూది మీద ప్రతి లూప్ గుర్రం మీద కూర్చున్న మనిషిలా రెండు కాళ్ళు చెరోవైపు వేసి ఉంటుంది. మనం అల్లే పద్ధతిలో కుడి కాలు నీవైపు, ఎడమ కాలు వెనకవైపు ఉండాలి. విప్పి మళ్ళీ సూదికి ఎక్కించినప్పుడు కొన్ని తిరగబడి, ఎడమ కాలు ముందుకొచ్చి కూర్చుంటాయి. వాటిని మామూలుగా అల్లితే కుట్టు మెలి తిరిగి, మిగతావాటి కన్నా బిగుతుగా, అడుగున కాళ్ళు పెనవేసుకున్నట్టు కనిపిస్తుంది. అలాంటి లూప్ ఎదురైతే వెనక కాలులోంచి అల్లు, సరిపోతుంది.

సూది కింద చూస్తే, నిట్ కుట్టు ఇంగ్లీషు అక్షరం వి లాగా ఉంటుంది, పర్ల్ కుట్టు మెడ చుట్టూ దండ వేసుకున్నట్టు చిన్న గడ్డగా ఉంటుంది. రెండూ ఒకటే కుట్టు. ముందు నుంచి చూస్తే వి, వెనక నుంచి చూస్తే దండ. ఇది మనసుకి పట్టిందంటే రిబ్, అంటే నిట్, పర్ల్ మార్చి మార్చి వేసే సాగే పట్టీ, అల్లేటప్పుడు లెక్కపెట్టుకోనక్కర్లేదు. వి కనపడితే నిట్, దండ కనపడితే పర్ల్. ఫోన్ మోగినా, ఎవరైనా పలకరించినా ఎక్కడున్నావో కుట్టే చెబుతుంది.

ఇక నీ నిచ్చెన సంగతి. కొసన కొక్కెం ఉండే సన్నని క్రోషే సూది ఒకటి తీసుకో, నీ అల్లిక సూది కన్నా కొంచెం సన్నగా ఉంటే మంచిది. వి లు కనపడే వైపు నీకు ఎదురుగా పెట్టుకో. పిన్నీసు తీసి, క్రోషే సూదిని ఆ ఒంటరి లూప్‌లోకి ముందు నుంచి గుచ్చు. దాని వెనకే పైన అడ్డంగా నిచ్చెన మెట్లు ఉంటాయి కదా, అన్నిటికన్నా కిందిది పట్టుకుని లూప్‌లోంచి ముందుకి లాగు. ఒక కుట్టు తయారైంది. మళ్ళీ పై మెట్టు. ఇలా పైదాకా వచ్చి చివరి లూప్‌ని ఎడమ సూదికి ఎక్కించు, కుడి కాలు ముందుండేలా. మెట్టు ఒక్కటి తప్పినా వెనకవైపు పోగు తేలిపోతుంది, అందుకని తొందరపడకు. నీది స్టాకినెట్, అంటే ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ వేసి ముందువైపంతా వి లు వచ్చేలా అల్లింది, కాబట్టి అన్నీ ఒకే వైపు నుంచి. అదే అన్ని వరుసలూ నిట్ వేసే గార్టర్ అయితే ఒక మెట్టు ముందు నుంచి, ఒక మెట్టు వెనక నుంచి ఎత్తాలి. ఆ వరుస కాస్త వదులుగా అనిపిస్తే పట్టించుకోకు, ఉతికాక సర్దుకుంటుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇది కుదరదు. కుట్టు ఎప్పుడో జారిపోయి, నువ్వు చూసుకోకుండా ఒక కుట్టు తక్కువతోనే ఇరవై వరుసలు అల్లేశావనుకో. అప్పుడు పైనున్న మెట్లలో ఆ కుట్టుకి సరిపడా దారం ఉండదు, లాగి ఎత్తితే చుట్టూ ముడతలు పడుతుంది. నిచ్చెన సూది దాకా వచ్చిందో లేదో చూడు. సూదికి చాలా కిందే ఆగిపోయి, పైన అల్లిక మూసుకుపోయి ఉంటే ఆ లూప్ దగ్గరిదాకా విప్పుకోవడమే మేలు. మూలలోనో, కుట్టుకలిపే అంచు దగ్గరో అయితే అదే ఊలు ముక్కతో వెనకనుంచి కట్టి వదిలెయ్యొచ్చు. ఛాతీ మధ్యలో మాత్రం వద్దు, రోజూ అక్కడికే నీ చూపు పోతుంది.

విప్పడం కూడా ఒక విద్యే. తప్పు ఇదే వరుసలో ఉంటే సూది తియ్యకుండా ఒక్కో కుట్టూ వెనక్కి అల్లుకుంటూ పో. కుడి సూది మీది లూప్‌కి కింద ఉన్న కుట్టులోకి ఎడమ సూది గుచ్చి, దారం లాగితే అది ఊడి వస్తుంది. ఎక్కువ వరుసలైతే సూది తీసేసి దారం లాగు, కానీ తప్పుకి ఒక వరుస పైనే ఆగి, ఆ చివరి వరుసని మాత్రం ఒక్కో కుట్టుగా విప్పుతూ సన్నని సూదికి ఎక్కించుకో. సన్నని సూది లూపుల్లోకి తేలిగ్గా దూరుతుంది. లేసు డిజైనులు అల్లే రోజు వస్తే, పది పన్నెండు వరుసలకోసారి వేరే రంగు నున్నటి నూలుదారాన్ని మొద్దు సూదితో ఆ వరుస లూపులన్నిటిలోంచి లాగి వదిలెయ్యి. ఎంత విప్పినా అక్కడికొచ్చి ఆగిపోతుంది. జడల డిజైనులో ఒక జడ తిరగేసి మెలిపడిందని పది వరుసల తర్వాత కనపడితే అంతా విప్పక్కర్లేదు. ఆ జడ కుట్లని మాత్రమే మెలి దగ్గరిదాకా జారవిడిచి, సరిగ్గా దాటించి, నిచ్చెన ఎక్కించినట్టే ఎక్కించుకురావచ్చు. మొదటిసారి చేసినప్పుడు నా చేతులు వణికాయి. రెండోసారి వణకలేదు.

అంచులో కుట్లు పెరుగుతున్నాయని కూడా రాశావు. అది వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పోవడం వల్ల. అప్పుడు మొదటి కుట్టు పైకి లాక్కుపోయి, దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనిపిస్తాయి, నువ్వు రెండూ అల్లేస్తావు. తిప్పగానే దారాన్ని కిందికి లాగి చూసుకో. వరుస మధ్యలో పెరిగితే, నిట్ నుంచి పర్ల్‌కి మారేటప్పుడు దారాన్ని సూదుల మధ్య నుంచి కాక సూది మీదుగా తెచ్చి ఉంటావు. అక్కడ చిన్న చిల్లు కూడా కనిపిస్తుంది.

నమూనా ముక్క అల్లకుండా మొదలెట్టానన్నావు. దీని మీద నేను కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఇది నిన్ను ఎవరూ ఓదార్చలేని తప్పు. డిజైనులో పది సెంటీమీటర్లకి 20 కుట్లు అని ఉంది, నీ చేతికి 22 వస్తున్నాయనుకో. తేడా రెండే కదా అనిపిస్తుంది. కానీ చుట్టుకొలత వంద సెంటీమీటర్లు రావాలని 200 కుట్లు వేస్తే నీకు వచ్చేది సుమారు 91. తొమ్మిది సెంటీమీటర్లు తక్కువైతే ఆ స్వెటర్ ఒంటికి పట్టదు. అందుకే పదిహేను సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్యలో పది సెంటీమీటర్లు కొలువు. అంచుల దగ్గర కొలవకు, అక్కడ కుట్లు అబద్ధం చెబుతాయి. కుట్లు ఎక్కువ వస్తే లావు సూది, తక్కువ వస్తే సన్న సూది తీసుకో. ఉతకకుండా కొలిస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు, ఊలు నీళ్ళు తగిలాక పరుచుకుంటుంది. నీ వీపు భాగం ఎలాగూ సగం అయింది కాబట్టి అదే నీ నమూనా. ఇప్పుడే కొలిచి చూడు.

స్వెటర్ చేతుల ముక్కల గురించి చెప్పాల్సింది ఒక్కటే, టేపుతో కాకుండా వరుసలు లెక్కపెట్టుకో. అల్లిక సాగుతుంది, టేపు దాని ఇష్టం వచ్చినట్టు చెబుతుంది. వీలైతే రెండు ఉండలు పెట్టుకుని రెండు చేతులూ ఒకే సూది మీద పక్కపక్కన అల్లు.

ఇప్పుడు అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్న విషయానికి వస్తాను. ముక్కలన్నీ అయిపోయాక స్వెటర్ అయిపోయిందనుకుంటారు. నెలల తరబడి అల్లి, జోడించడం మాత్రం ఒక్క రాత్రిలో చేసేస్తారు. నేనూ చేశాను. మా చిన్నాడికి అల్లిన మొదటి స్వెటర్ మెడని రాత్రి పదకొండింటికి గట్టిగా బిగించి ముగించాను. పొద్దున తొడగబోతే తల దూరలేదు, వాడు ఏడ్చాడు. ఆ మెడ విప్పి మళ్ళీ వేసేసరికి వాడు ఆ కొలత దాటి పెరిగిపోయాడు. అందుకే అంటాను, ముగింపు పనిని వెలుతురులో, ఖాళీగా ఉన్న రోజు పెట్టుకో.

ముందు ముక్కల్ని ఉతుకు, జోడించాక కాదు. గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా అదిమి నీళ్ళు తీసి, తువ్వాలులో చుట్టి నొక్కు. చదునైన చోట పరిచి, కావలసిన కొలతకి పిన్నులు పెట్టి పూర్తిగా ఆరనివ్వు. నిజమైన ఊలుని వేడి నీళ్ళలో వేసి రుద్దితే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని గుడ్డ కుంచించుకుపోతుంది, మళ్ళీ తిరిగిరాదు. యాక్రిలిక్ నీళ్ళకి పెద్దగా లొంగదు, దానికి ఇస్త్రీపెట్టె తాకించకుండా పైనుంచి ఆవిరి పట్టించాలి. తాకిందా, చచ్చుబడి చప్పగా అయిపోతుంది. స్టాకినెట్ అంచులు ముడుచుకోవడం మాత్రం ఆరబెట్టడంతో పోదు. అది ఆ కుట్టు స్వభావం. అందుకే అడుగున, మెడకి రిబ్ పెడతాం.

జోడింపుకి భుజాలు ముందు. రెండు ముక్కల కుట్లూ సూదుల మీదే ఉంచావంటే మూడో సూదితో రెండింటినీ కలిపి అల్లుతూ ముగించవచ్చు, గట్టిగానూ ఉంటుంది. పక్కలకి రెండు ముక్కల్నీ మంచి వైపు పైకి ఉండేలా పక్కపక్కన పరుచు. అంచు కుట్టుకీ, దాని పక్క కుట్టుకీ మధ్య లాగి చూస్తే చిన్న చిన్న అడ్డ పోగులు కనపడతాయి. మొద్దు సూదితో ఒక వైపు రెండు పోగులు, మళ్ళీ ఎదుటివైపు రెండు పోగులు ఎత్తుకుంటూ వెళ్ళు. మూడు నాలుగు సెంటీమీటర్లు అయ్యాక దారం మెల్లిగా లాగు. రెండు అంచులూ వెనక్కి మడిచి, మధ్యలో గీత కూడా కనపడకుండా కలిసిపోతాయి. మొదటిసారి అలా మూసుకున్నప్పుడు ఎంత సంతోషం వేస్తుందో నీకే తెలుస్తుంది. దారం మూర కన్నా పొడవు తీసుకోకు, రాసుకుని రాసుకుని పలచబడుతుంది.

మెడకి కుట్లు ఎత్తేటప్పుడు నిలువు అంచులో ప్రతి వరుసకీ ఒకటి ఎత్తకు, నాలుగు వరుసలకి మూడు చొప్పున ఎత్తు. కుట్టు ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ, అన్నీ ఎత్తితే పట్టీ అలలు అలలుగా లేస్తుంది. చివర ముగించేటప్పుడు ఒకటి రెండు సైజులు లావు సూది వాడు. ఒక్కసారి నీ తలకే తొడిగి చూసుకున్నాకే దారం తెంపు.

దారపు కొసలు పదిహేను సెంటీమీటర్లు వదులు. ముడి వెయ్యకు. ముడి ఎప్పుడో ఒకప్పుడు మంచి వైపుకి పొడుచుకొస్తుంది, లేదా ఊడుతుంది. వెనకవైపు దండల్ని అనుసరిస్తూ కొంతదూరం పోనిచ్చి, దిశ మార్చి వెనక్కి తిప్పి, గుడ్డని ఒకసారి సాగదీసి, అప్పుడు కత్తిరించు. నూలుదారం జారుడుది, దానికి ఇంకాస్త ఎక్కువ పోనివ్వు. ఉండ మధ్యలో ముడి వస్తే అక్కడే కత్తిరించి, వరుస మొదట్లో కొత్త దారం కలుపుకో.

మిగిలిన ఊలు పారెయ్యకు. రెండేళ్ళకి మోచేయి పలచబడుతుంది. చిల్లు పడకముందే ఆ వి ల మీద అదే దారంతో ఇంకో వి కుట్టుకుంటూ పోతే కొత్తగా కనిపిస్తుంది. కింద మొనలోంచి సూది పైకి తెచ్చి, పై వి రెండు కాళ్ళ కిందుగా దూర్చి, మళ్ళీ అదే మొనలోకి దించడమే.

ఈ వారం నిచ్చెన ఎక్కించి, కుట్లు లెక్కపెట్టి, పది సెంటీమీటర్లకి ఎన్ని వచ్చాయో నాకు రాయి. ఫోటో రెండు వైపులా తీసి పంపు, వెనకవైపు తప్పకుండా. మెడ దాకా వచ్చాక ఒంటరిగా ముగించకు, నాకు ఫోన్ చెయ్యి. ఇద్దరం కలిసి కూర్చుని వేద్దాం.

నీ పెద్దమ్మ