నర్స్ ప్రాక్టీషనర్‌కు జబ్బు సంగతి చెప్పే అధికారం ఉంటుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది, నర్స్ ప్రాక్టీషనర్ అవుతానంటోంది. అమెరికాలో వాళ్లు డాక్టర్లలాగే జబ్బేమిటో, ఎంతవరకు నయమవుతుందో రోగులకు చెబుతారని అక్కడున్న మా బంధువులు అంటున్నారు. ఇక్కడా ఆ అధికారం ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: మీ బంధువుల మాట అమెరికా వరకు నిజమే. అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా అర్హత పొందిన తరువాత మాస్టర్స్ లేదా డాక్టరేట్ పూర్తిచేసి, సర్టిఫికేషన్ పరీక్షలో నెగ్గి, రాష్ట్రం నుంచి లైసెన్సు తీసుకున్నవారే నర్స్ ప్రాక్టీషనర్లు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ఈ శిక్షణకు శ్రీకారం చుట్టారు. నేడు సగానికి పైగా రాష్ట్రాలలో వారు వైద్యుని పర్యవేక్షణ లేకుండానే జబ్బును నిర్ధారించి మందులు రాస్తున్నారు. మిగిలినచోట్ల వైద్యునితో ఒప్పందమో, పర్యవేక్షణో తప్పనిసరి. జబ్బును నిర్ధారించినవారే దానిని రోగికి వివరించడం కూడా ఆ బాధ్యతలో భాగం.

మన దేశంలో పరిస్థితి వేరు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు బీఎస్సీ నర్సింగ్ తరువాత, కనీసం ఏడాది పని అనుభవంతో చేరవలసిన 2 సంవత్సరాల పీజీ. అది చదివినవారు ఐసీయూలో ఎంతో నైపుణ్యంతో పనిచేస్తారు గాని, పరీక్షలు చేయించడమైనా మందులివ్వడమైనా ఆసుపత్రి ఆమోదించిన ప్రోటోకాల్ (ముందుగా రాసిపెట్టిన చికిత్స నియమాలు) పరిధిలోనే జరగాలి. ప్రసూతి సేవలకు మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ వేరుగా ఉంది. పల్లె దవాఖానాలలో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా, అంటే డాక్టరుకు, నర్సుకు మధ్య స్థాయి ఆరోగ్య సేవకులుగా పనిచేసే అవకాశమూ నర్సింగ్ చదివినవారికి ఉంది. వీటిలో ఏదీ అమెరికాలోని స్వతంత్ర ప్రాక్టీసుకు సమానం కాదు. ‘మీకు క్యాన్సర్ ఉంది’, ‘ఇక నయం కాదు’ వంటి మాటలు మొదట చెప్పవలసింది చికిత్స చేసే డాక్టరే.

అయితే ఆ తరువాత జరిగేదంతా మీ అమ్మాయి తప్పక తెలుసుకోవాలి. డాక్టరుగారు రౌండ్లలో రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోయాక, డయాలసిస్ మంచం మీది మనిషి అడిగేది నర్సునే: ‘సిస్టరమ్మా, ఇది ఎన్నాళ్లు చేయించుకోవాలి, నా కిడ్నీలు మళ్లీ బాగవుతాయా?’ అది ముమ్మాటికీ జబ్బు భవిష్యత్తును గురించిన ప్రశ్నే. ‘నాకేం తెలియదు’ అని తప్పుకోవడం అన్యాయం. తనకు తోచిన గడువు చెప్పడం అంతకన్నా ప్రమాదం. డాక్టరు ఏం చెప్పారో కేస్ షీట్‌లో చూసుకుని, రోగికి ఎంతవరకు అర్థమైందో అడిగి, అర్థం కానిదాన్ని అతని భాషలో విడమరచి, మిగిలిన సందేహాన్ని డాక్టరు దృష్టికి తీసుకువెళ్లడమే సరైన పద్ధతి. మన దగ్గర కొడుకులు బయటికి పిలిచి ‘నాయినకు చెప్పకండి’ అని బతిమాలడం మామూలే. అప్పుడు నర్సు అబద్ధమాడకూడదు, కుటుంబంతో పోట్లాడకూడదు; వారిని డాక్టరుతో కూర్చోబెట్టి, పెద్దాయన ఎంత తెలుసుకోదలిచారో ఆయననే అడిగేలా చూడాలి. ఈ పనిని నేను డాక్టరు పనికన్నా తక్కువగా ఎన్నడూ భావించను.

కాబట్టి అమ్మాయిని ఒక్క మాట అడగండి: జబ్బును తానే నిర్ధారించి చెప్పాలన్నది ఆమె కోరికా, లేక రోగి పక్కన ఉండి చూసుకోవాలన్నదా? మొదటిదైతే నీట్ రాయించి ఎంబీబీఎస్‌కు ప్రయత్నించనివ్వండి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోనే ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. రెండోదైతే 3 సంవత్సరాల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా కన్నా 4 సంవత్సరాల బీఎస్సీ నర్సింగ్ మేలు, ఎందుకంటే ఇక్కడి పీజీకి, రేపు విదేశీ చదువుకు అదే నేరుగా దారి. అమెరికా వెళ్లాలనుకుంటే ముందు ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి అక్కడ రిజిస్టర్డ్ నర్సు కావాలి, ఆ తరువాతే నర్స్ ప్రాక్టీషనర్ చదువు. ఏ కాలేజీలో చేర్పించినా ఫీజు కట్టేముందు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపుతోపాటు, విద్యార్థులకు రోగుల మధ్య శిక్షణ ఏ ఆసుపత్రిలో ఇస్తారో స్వయంగా వెళ్లి చూసి రండి.