ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఏ కెమెరా వ్యూ పెట్టుకుంటే మంచిది? బయటిదా, కాక్‌పిట్‌దా?

మీరు అడిగింది ఇదీ: ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్తగా మొదలుపెట్టారు. విమానం వెనక నుంచి కనిపించే వ్యూలో హాయిగా ఎగురుతున్నారు. కాక్‌పిట్ వ్యూ పెడితే సగం స్క్రీను డ్యాష్‌బోర్డే ఉంటోంది, రన్‌వే కనపడటం లేదు. దేనికి అలవాటు పడాలి?

నా మటుకు నేను టేకాఫ్, మలుపులు, ల్యాండింగ్ అన్నీ కాక్‌పిట్ లోంచే చేస్తాను. విమానం పైకెళ్లి కుదురుకున్నాక ఊళ్లు చూడ్డానికి మాత్రం బయటి వ్యూ. కానీ ఈ అలవాటుకి రావడానికి నాకు ఏడాది పట్టింది, అందులో ఎక్కువ భాగం దండగ. ఆ దండగ మీకు తగ్గుతుందేమోనని కాస్త వివరంగా రాస్తున్నాను.

నాది శ్రీకాకుళంలో చిన్న జిరాక్స్, నెట్ షాపు. రాత్రి తొమ్మిది దాటాక షట్టరు సగం దించి షాపు కంప్యూటర్ మీదే ఆడుకునేవాణ్ణి. గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రం కాబట్టి ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ వేసుకున్నాను. అందులో వి కీ నొక్కుతూ పోతే వ్యూలు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి: పైలట్ వ్యూ, హెలికాప్టర్ వ్యూ, వెనక నుంచి వెంటాడే చేజ్ వ్యూ, టవర్ వ్యూ. నేను చేజ్ వ్యూ దగ్గరే ఆగిపోయాను. సెస్నా 172 అనే చిన్న విమానం అందంగా కనిపిస్తుంది, రెక్కలు ఎటు వాలాయో చూడగానే తెలుస్తుంది. విశాఖపట్నం రన్‌వే మూడు కిలోమీటర్ల పైన పొడవు, సెస్నాకి అందులో పావు వంతు కూడా అక్కర్లేదు. అయినా నేను దిగిన ప్రతిసారీ ఒక చక్రం గడ్డిలోనే. ఒక్కోసారి మూడూ.

ఒక రాత్రి మా మావయ్య ఏవో కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కాసేపు నా వెనకాల నిలబడి చూసి, "ఓరి, బస్సెనకాల నిలబడి బస్సు తోలతావేటిరా?" అన్నాడు.

నవ్వేశాను గానీ ఆ మాట పట్టుకుంది. ఆలోచిస్తే అసలు తప్పు అక్కడే ఉంది. చేజ్ వ్యూలో కెమెరా విమానానికి వెనక, కొంచెం పైన ఉంటుంది. విమానం ఎప్పుడూ స్క్రీను మధ్యలోనే ఉంటుంది కాబట్టి గాలికి పక్కకు కొట్టుకుపోతున్నా వెంటనే తెలియదు. తెలిసేసరికి గడ్డిలో ఉంటాం. పైగా చాలా ఆటల్లో ఈ కెమెరా విమానం తిరిగిన అర క్షణం తర్వాత మెల్లగా తిరుగుతుంది. అందంగా ఉండాలని అలా పెట్టారు. నేలకి ఇరవై అడుగుల ఎత్తులో ఆ అర క్షణమే కొంప ముంచుతుంది.

కాక్‌పిట్‌లో కూర్చుంటే ఒక సదుపాయం ఉంది, అది బయటి వ్యూలో దొరకదు. దిగేటప్పుడు అద్దంలోంచి నేల మీది చోట్లన్నీ పైకో కిందకో జరుగుతూ కనిపిస్తాయి. ఒక్క చోటు మాత్రం కదలదు, అలాగే ఉండి పెద్దదవుతూ వస్తుంది. విమానం వెళ్లి తగిలేది అక్కడే. రన్‌వే మొదట్లో వేసిన అంకె అద్దంలో కిందకి జారుతోందంటే దాన్ని దాటి దిగుతారు, పైకి ఎక్కుతోందంటే దానికి ముందే దిగుతారు. నిజం పైలట్లకీ దిగడానికి ఇదే నేర్పుతారు. రన్‌వే పక్కన, మన ఎత్తు సరిగా ఉందో లేదో చూపే పాపి లైట్లు నాలుగుంటాయి, రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే ఎత్తు సరిపోయినట్టు. నాలుగూ తెల్లగా ఉంటే బాగా పైన ఉన్నారు. నాలుగూ ఎర్రబడితే ఇంకేమీ ఆలోచించకుండా పవర్ పెంచండి.

అయితే కాక్‌పిట్‌కి మారిన మొదటి వారం మీకు ఎదురైందే నాకూ ఎదురైంది: ఏమీ కనపడదు. దాదాపు మానేద్దామనుకున్నాను. తర్వాత తెలిసింది, నా కళ్లు ఉండాల్సిన చోటు కంటే బాగా కింద ఉన్నాయని. నిజం విమానాల్లో దీన్ని ఎంత పట్టించుకుంటారంటే, ఎయిర్‌బస్ విమానాల్లో ముందు అద్దాల మధ్య కమ్మీ మీద చిన్న చిన్న బంతులు మూడు పెడతారు. పైలట్ సీటు పైకీ కిందకీ జరుపుకుంటూ, ఒక బంతి వెనక ఇంకోటి సరిగ్గా దాక్కునే దాకా సర్దుకుంటాడు. అప్పుడే కళ్లు సరైన చోట ఉన్నట్టు. మనకి బంతులు లేవు గానీ సెట్టింగులున్నాయి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కెమెరా సెట్టింగుల్లోకి వెళ్తే కాక్‌పిట్ కెమెరా ఎత్తు మార్చుకోవచ్చు. ఫ్లైట్‌గేర్‌లో వ్యూ మెనూలో ఉంటుంది. ముక్కు పైభాగం అద్దంలో కింద ఒక పట్టీలా కనపడేంత ఎత్తు పెట్టుకోండి. డయల్స్ కొన్ని కిందకి పోతే పోనివ్వండి, వాటి సంగతి తర్వాత చెప్తాను. ఒకసారి పెట్టుకున్నాక ఇక దాన్ని ముట్టుకోవద్దు. రోజుకో ఎత్తు పెడితే రన్‌వే రోజుకో ఆకారంలో కనిపిస్తుంది, కన్ను ఏదీ నేర్చుకోదు.

జూమ్ కూడా అంతే. నా షాపు మానిటర్ పద్దెనిమిదిన్నర అంగుళాలది, వెడల్పు 41 సెంటీమీటర్లు. దానికి 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటాను. లెక్క వేస్తే ఆ స్క్రీను నా కంటికి 38 డిగ్రీల కిటికీ అన్నమాట. ఫ్లైట్‌గేర్ మామూలుగా ఆ కిటికీలో 55 డిగ్రీల దృశ్యం కుక్కి చూపిస్తుంది. అందుకే రన్‌వే అసలు కంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది, ఇంకా చాలా దూరం ఉందిలే అనిపిస్తుంది. పోనీ అని 38కే తెస్తే రన్‌వే సరైన సైజులో ఉంటుంది గానీ గోడకి కన్నం పెట్టి చూస్తున్నట్టు పక్కలేమీ కనపడవు. నేను 45 దగ్గర ఆగాను. మీ స్క్రీను పెద్దదైతే ఈ తలనొప్పి అంత ఉండదు.

ఇంకో చిన్న విషయం, కానీ నన్ను నెల రోజులు ఏడిపించింది. సెస్నాలో మనం ఎడమ సీట్లో కూర్చుంటాం. విమానం ముక్కు మధ్యభాగం మనకి కుడి పక్కన ఉంటుంది. రన్‌వే మధ్య గీతకి ఆ ముక్కుని గురిపెడితే విమానం ఎడమ వైపు తిరిగి, ఏటవాలుగా దిగుతుంది. నా కళ్లకి సూటిగా ఎదురుగా ముక్కు మీద ఏ చోటు వస్తుందో చూసుకుని దాన్నే గురిగా పెట్టుకున్నాక గడ్డిలో దిగడం ఆగింది. కొన్ని రోజులు మానిటర్ మీద చిన్న స్టిక్కర్ ముక్క కూడా అంటించాను. పొద్దున్న వచ్చిన కస్టమర్లు స్క్రీను పాడైందా అని అడిగేవారు.

చివరి పది, పదిహేను అడుగుల సంగతి మళ్లీ మావయ్య మాటతోనే తేలింది. నేను చక్రాల కింద నేలని చూస్తూ ఒక్కసారిగా ముక్కు ఎత్తేసేవాణ్ణి, విమానం బెలూన్‌లా లేచి దభీమని పడేది. "బండి ముందు గొయ్యి సూసుకుంటా తోలితే గోతిలోకే పోతాది, దూరం సూడు" అన్నాడాయన. విమానం బడిలో కూడా ఇదే చెప్తారట, రన్‌వే అవతలి చివర చూడమని. అక్కడికి చూపు పెడితే, ముక్కు ఎంత లేస్తోందో, నేల ఎంత దగ్గరైందో కంటి అంచుల్లోంచి దానంతటదే తెలుస్తుంది.

ఇక కిందకి పోయిన డయల్స్ సంగతి. గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొని మైక్రోసాఫ్ట్ వాళ్ల 2020 ఆట వేసుకున్నాక నాకు బాగా ఉపయోగపడింది సొంత కెమెరాలు దాచుకోవడం. చూపు కావలసిన చోట పెట్టి కంట్రోల్, ఆల్ట్, ఒక అంకె కలిపి నొక్కితే అది సేవ్ అవుతుంది. తర్వాత ఆల్ట్, ఆ అంకె నొక్కితే వచ్చేస్తుంది. నాకు మూడే ఉన్నాయి: ఒకటిలో డయల్స్ దగ్గరగా, రెండులో రేడియోలు, మూడులో ఎడమ భుజం మీదుగా వెనక్కి. ఈ మూడోది లేకపోతే సర్క్యూట్, అంటే రన్‌వే చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి దిగడం, కుదరదు. రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో వెళ్తూ, దాని మొదలు మీ భుజం వెనక 45 డిగ్రీల దగ్గరికి రాగానే తిరగాలి. ముందుకే చూస్తూ కూర్చుంటే ఆ తిరగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోతుంది. వెబ్‌క్యామ్ పెట్టి ఓపెన్‌ట్రాక్ అనే ప్రోగ్రాంతో తల తిప్పితే చూపు తిరిగేలా కూడా చేశాను. బాగుంటుంది గానీ షాపు ట్యూబ్‌లైటు వెలుగులో అది నా మొహం సరిగా పట్టేది కాదు, చూపు వణికేది. వదిలేశాను.

బయటి వ్యూని తిడుతున్నానని అనుకోకండి. సిరిమానోత్సవం రోజు విజయనగరం కోట దగ్గర జనంలో నిలబడి చూస్తేనే కదా మాను ఎంత ఎత్తు లేచిందో, ఎలా కదులుతోందో కళ్లారా కనిపించేది? మాను చివర కూర్చున్న పూజారికి ఆ దృశ్యం ఎక్కడ దొరుకుతుంది? విమానమూ అంతే. నాకు ఇష్టమైన ట్రిప్పు విశాఖలో ఎక్కి తీరం పట్టుకుని రావడం: భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, భోగాపురం, ఆ తర్వాత లోపలికి తిరిగితే నాగావళి ఒడ్డున మా ఊరు. సెస్నాలో అరగంట. ఈ అరగంటలో, మైక్రోసాఫ్ట్ ఆటలో అయితే ఎండ్ కీ నొక్కి బయటికొచ్చి, రెక్క కింద నది వంపులు చూస్తూ కూర్చుంటాను. కొత్తవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. రెక్క వెనక అంచున ఉండే ఫ్లాప్స్ దించితే రెక్క ఎలా మారుతుందో, తోకని తిప్పే రడ్డర్ తొక్కితే తోక ఎటు పోతుందో ఒకసారి బయట నుంచి చూస్తే లోపల కూర్చున్నప్పుడు మనసులో బొమ్మ కడుతుంది.

అదే ఆటలో విమానం నుంచి విడిగా ఎగిరే డ్రోన్ కెమెరా ఉంది, దాంతో మాత్రం జాగ్రత్త. ఒకసారి కళింగపట్నం దీపస్తంభం, వంశధార కలిసే చోటు ఒకే ఫొటోలో పట్టాలని ఇన్సర్ట్ కీ నొక్కి డ్రోన్‌లోకి వెళ్లాను. అప్పుడు కీబోర్డు డ్రోన్‌ని నడుపుతుంది, విమానం మాత్రం దాని దారిన అది పోతూనే ఉంటుంది. ఆటోపైలట్ పెట్టలేదు. మంచి ఫొటో వచ్చింది, అందులో ఒక మూల నా సెస్నా సముద్రంలోకి దిగుతూ ఉంది.

యుద్ధ విమానాల ఆటల లెక్క వేరు. వార్ థండర్‌లో సిమ్యులేటర్ మోడ్ అయితే కాక్‌పిట్ తప్పదు, మిగతా మోడ్‌లలో అవతలివాళ్లందరూ బయటి వ్యూలో చుట్టూ చూస్తుంటే మీరొక్కరే లోపల కూర్చోవడం ఓడిపోవడానికే. ఫోన్‌లో ఆడేవారైతే ఆ చిన్న స్క్రీను మీద నా ఎత్తులు, జూములు ఏవీ పనికిరావు, మీకు కంటికి ఏది హాయిగా ఉంటే అది పెట్టుకోండి.

మావయ్య ఇప్పటికీ వారానికోసారి షాపుకి వస్తాడు. మా ఎంపీగారు విమానయాన మంత్రి అయినప్పటి నుంచి ఆయనకి విమానాల మీద ఆసక్తి ఇంకా పెరిగింది. మొన్న సముద్రం మీంచి విశాఖకి వస్తూ, ఎడమ పక్కన డాల్ఫిన్ నోస్ కొండ, ఎదురుగా రన్‌వే, పాపి లైట్లు రెండు రెండు, మధ్య గీత నా కళ్లకి సూటిగా. ఇంత బాగా కుదిరింది కదా, మెచ్చుకుంటాడని వెనక్కి తిరిగాను.

"ఏటిరా, ఇమానమే కనపళ్లేదు, బయటికెట్టు" అన్నాడు.