టీచర్‌ని మారిస్తే సాల్సా వచ్చేస్తుందా?

ప్రశ్న: ఎనిమిది నెలలుగా సాల్సా అనే జంట డాన్సు నేర్చుకుంటున్నాను. క్లాసులో బాగానే చేస్తాను. సోషల్‌కి, అంటే అందరూ కలిసి సరదాగా డాన్స్ చేసే పార్టీకి వెళ్ళి కొత్తవాళ్ళతో చేయాల్సి వస్తే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు, వచ్చిన టర్నులన్నీ మర్చిపోతాను. ఇంకా మంచి టీచర్ దగ్గరికి మారమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అప్పుడే వద్దు. ఈ ఎనిమిది నెలల్లో సోషల్‌కి ఎన్నిసార్లు వెళ్ళారు? మూడో నాలుగోసార్లయితే టీచర్‌ని అనాల్సిందేమీ లేదు. క్లాసులో ఆయన 'ఒకటి రెండు మూడు, ఐదు ఆరు ఏడు' అని గట్టిగా లెక్కపెడుతుంటారు, నాలుగుకీ ఎనిమిదికీ అడుగు ఉండదు, తర్వాత ఏ టర్ను వస్తుందో మీకూ మీ పార్ట్‌నర్‌కీ ముందే తెలుసు. సోషల్లో లెక్క చెప్పేవాళ్ళుండరు. పాట మీరే వినాలి, మీరేం చేయబోతున్నారో ఎదుటావిడకి మీ చెయ్యే చెప్పాలి.

అలాగని టీచర్ లేకపోయినా పర్లేదనుకోకండి. మొదటి ఏడాదంతా నేను పార్ట్‌నర్ చేతిని బొటనవేలితో నొక్కి పట్టుకునేవాణ్ణి. టర్నులో ఆమె మణికట్టు మెలిపడుతుందని నాకు తెలియనే తెలియదు, పాపం ఎవరూ మొహం మీద చెప్పలేదు. ఒక టీచర్ నా బొటనవేలు పక్కకి తీసి, మిగతా వేళ్ళు కొక్కెంలా వదులుగా వంచమని, వాటి మీద తన వేళ్ళు ఆనించి గిర్రున తిరిగి చూపించారు. రెండు నిమిషాల పని, కానీ నా అంతట నాకు ఎన్నేళ్ళయినా తట్టేది కాదు. టైమింగ్, పట్టు, నిలబడే తీరు టీచరే సరిదిద్దాలి.

మిగతాదంతా తోటివాళ్ళతో చేస్తేనే వస్తుంది. 1940ల్లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్ కుర్రాళ్ళు టాంగో అనే మరో జంట డాన్సు అలాగే నేర్చుకున్నారు. మిలోంగాకి, అంటే అసలు డాన్సుకి వెళ్ళే ముందు ప్రాక్టికాల్లో (సాధన కోసం కూడే చోట్ల) నెలల తరబడి మగవాళ్ళు మగవాళ్ళతోనే చేసేవారు, అదీ ముందు ఫాలోవర్‌గా, అంటే ఎదుటివాళ్ళు నడిపిస్తే అనుసరించేవాళ్ళుగా, ఆ తర్వాతే లీడ్, అంటే నడిపించేవాళ్ళుగా. పక్కనున్న అనుభవజ్ఞులే తప్పులు దిద్దేవారు. మీరూ ఒక నెల ఫాలోవర్‌గా చేసి చూడండి, లాగితే ఎలా ఉంటుందో మీ భుజానికే తెలుస్తుంది.

టీచర్‌ని మార్చాల్సిన సందర్భం లేకపోలేదు. క్లాసులో పార్ట్‌నర్లని మార్చకుండా, నెలల తరబడి స్టేజీ షో కోసం ఒకే కొరియోగ్రఫీ చేయిస్తుంటే మొహమాటపడకుండా మారిపోండి.

ఈ శనివారం సోషల్‌కి వెళ్ళండి. బేసిక్ అడుగులు, రైట్ టర్ను, క్రాస్ బాడీ లీడ్ (పార్ట్‌నర్‌ని మీ ముందు నుంచి అవతలి వైపుకి దాటించడం), ఈ మూడింటితోనే ఐదుగురితో ఐదు పాటలు చేయండి. ఎక్కడ తడబడ్డారో ఇంటికెళ్ళగానే రాసుకుని, తర్వాతి క్లాసులో టీచర్‌ని సరిగ్గా అదే అడగండి.