బాగా పనిచేసిన మాత్ర ఇప్పుడెందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: డిప్రెషన్‌కి రెండేళ్లుగా ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. మొదటి రెండు నెలల్లోనే తేరుకున్నాను. ఇప్పుడు నెలన్నరగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, ఏ పని మీదా మనసు నిలవడం లేదు. ఒంటికి అలవాటైపోయి మందు పనిచేయడం మానేసిందని ఇంట్లో అంటున్నారు. రెండు మాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: మీ అంతట మీరు వేసుకోకండి. ఈ మందు పెద్దవాళ్లలో రోజుకు 20 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు, నిజమే. కానీ వయసు 65 దాటినవాళ్లకు 10కి మించి ఇవ్వరు. గుండె లయ తేడాగా ఉన్నవాళ్లకు ముందు ఈసీజీ తీయాలి. పెంచాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాల్సిన సంగతి.

ఏళ్ల తరబడి వాడిన మందు పట్టు తప్పడం కొందరిలో జరుగుతుంది. అయితే ఆ మాట చివరన అనుకోవాలి. ముందు మాత్రలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడండి. స్ట్రిప్పు తీసి, కొన్న తేదీ నుంచి ఎన్ని అయిపోవాలో, ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఒంట్లో బాగున్నప్పుడే మాత్రలు మరిచిపోతాం. వారానికి రెండు తప్పినా గుర్తుండదు, లెక్కలో మాత్రం దొరికిపోతుంది.

తర్వాత, ఈ మూణ్నాలుగు నెలల్లో కొత్తగా మొదలుపెట్టిన మందులు, మానేసిన మందులు రాసుకోండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ లాంటివి కాలేయాన్ని ఉరకలెత్తించి డిప్రెషన్ మందులు కొన్నిటిని త్వరగా ఖర్చు చేసేస్తాయి. మానేసిన మందుల వైపు ఎవరూ చూడరు. ఎసిడిటీకి వాడే ఒమెప్రజోల్ రక్తంలో ఎస్సిటలోప్రామ్ మోతాదును పెంచుతుంది. రోజూ వేసుకుంటున్న ఒమెప్రజోల్ ఆపేస్తే ఆ పెరిగిన మోతాదు తగ్గిపోతుంది, మాత్ర మాత్రం అదే 10. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లయితే నేరుగా మనసునే కుంగదీయవచ్చు. మద్యం సంగతి డాక్టరు దగ్గర దాచకండి, అక్కడ మొహమాటపడితే వైద్యమే తప్పుదారి పడుతుంది.

రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, విటమిన్ బి12 చూడమనండి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడేవాళ్లలో బి12 తగ్గడం మామూలే. గట్టిగా గురక పెడుతూ, పగలంతా తూగుతుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూడాలి.

ఇంకోటి, చాలామంది డాక్టరుకు చెప్పనిది: ఎప్పుడైనా వరుసగా నాలుగైదు రోజులు మూడు నాలుగు గంటలే పడుకున్నా అలసట లేకుండా, మాటలూ ఖర్చులూ పెరిగిపోయి, విపరీతమైన హుషారుగా ఉన్నారా? ఉంటే అది బైపోలార్, అంటే దిగులు, అతి హుషారు మారిమారి వచ్చే జబ్బు కావచ్చు. అప్పుడు ఇదే మందు డోసు పెంచుకుంటూ పోతే మేలుకన్నా కీడు ఎక్కువ. మీకు గుర్తుండకపోవచ్చు, ఇంట్లోవాళ్లను అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపండి. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. అయిదు లోపు ఉంటే తేరుకున్నట్టు, 10 దాటితే వైద్యం మార్చే ఆలోచన చేయాల్సినట్టు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి. దానికి సున్నా కాకుండా ఇంకేదైనా వస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఎలా చేసుకోవాలా అన్న ఆలోచన దాకా వెళ్తే వెంటనే ఎవరినైనా తోడు తీసుకుని దగ్గర్లోని అత్యవసర విభాగానికి వెళ్లండి, ఒంటరిగా ఉండకండి.

ఇవన్నీ చూశాక కూడా మందుదే లోపమని తేలితే దారులు చాలానే ఉన్నాయి. డోసు పెంచి మూణ్నాలుగు వారాలు చూడటం, వెన్లాఫాక్సిన్, మర్టజపిన్ లాంటి వేరే తరహా మందుకు మారడం, ఉన్న మందుకు తక్కువ డోసులో అరిపిప్రజోల్ గానీ లిథియం గానీ జోడించడం. లిథియం వాడితే రక్తంలో దాని మోతాదు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. వీటితో పాటు ఆలోచనల తీరును మాటలతో మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా అడగండి. మందులకు లొంగని తీవ్రమైన డిప్రెషన్‌లో ఈసీటీ (మత్తిచ్చి మెదడుకు కరెంటు పెట్టే చికిత్స) బాగా పనిచేస్తుంది, దానికి ఉన్న చెడ్డపేరు దాని పనితనానికి తగినది కాదు.

ప్రశ్న: మావారు సెర్ట్రలిన్ 100 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. దిగులు పోయింది, కానీ నవ్వూ పోయింది. దేనికీ ఉలుకూ పలుకూ ఉండదు. మందు చాలడం లేదా?

జవాబు: చాలకపోవడం కాదు, ఎక్కువవడం కావచ్చు. ఈ రకం మందులతో కొందరికి మనసు మొద్దుబారుతుంది. ఉద్యోగానికి వెళ్తారు, తింటారు, పడుకుంటారు, అన్నీ సజావుగానే నడుస్తాయి. సంతోషం, దుఃఖం రెండూ పైపైనే తాకిపోతాయి. జబ్బే తిరగబెడితే ఇలా ఉండదు. నిద్ర, ఆకలి చెడతాయి, తానెందుకూ పనికిరానన్న మాటలు మొదలవుతాయి. డాక్టరు దగ్గర ‘పనిచేయడం లేదు’ అంటే డోసు పెరుగుతుంది, మొద్దుబారడమూ పెరుగుతుంది. ‘దిగులు లేదు, కానీ ఏమీ అనిపించడం లేదు’ అని చెప్పమనండి. డోసు కాస్త తగ్గించడమో, బుప్రోపియాన్ లాంటి మందుకు మార్చడమో డాక్టరు చూస్తారు. లైంగిక ఆసక్తి తగ్గినా అదీ చెప్పమనండి, డాక్టరుకు అది రోజూ వినే మాటే.

ప్రశ్న: ప్రయాణంలో వెన్లాఫాక్సిన్ మూడు రోజులు పడలేదు. తల తిరుగుడు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు, ఊరికే ఏడుపు. జబ్బు తిరగబెట్టిందా?

జవాబు: ఇది జబ్బు కాదు, మందు హఠాత్తుగా ఆగిన గోల. మాత్ర తప్పిన ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. జబ్బు తిరగబెట్టడానికి సాధారణంగా వారాలు పడుతుంది, అందులో ఈ షాకులు ఉండవు. వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వీటితో ఈ బాధ ఎక్కువ. ఫ్లూఆక్సెటిన్ వారాల తరబడి ఒంట్లో ఉంటుంది, అందుకే దానితో అరుదు. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పి మళ్లీ మొదలుపెడితే చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. తప్పిన మూడూ కలిపి ఒకేసారి మింగకండి. వారం దాటి ఆగి ఉంటే పాత డోసుతోనే మొదలుపెట్టాలో, తక్కువతో మొదలుపెట్టాలో అడగాలి. ఎప్పటికైనా మానేయాలనుకుంటే వారాలు, నెలల మీద మెట్టుమెట్టుగా తగ్గించాలి, చివరి మెట్లు మరీ చిన్నవిగా ఉండాలి. అలాగని నెమ్మదిగా కరిగే రకం క్యాప్సూల్‌లోని గింజల్ని నలిపి సగం చేసుకోకండి. నలిపితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే రక్తంలోకి దిగుతుంది.