తొమ్మిదో పేజీలో మూడు వాక్యాలు

అమ్మాయీ,

పాశ్చాత్య తత్వశాస్త్రం మీద నీ వ్యాసం అంది పది రోజులైంది. మొదటిసారి చదివి కోపమొచ్చి పక్కన పెట్టేశాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ తీస్తే తొమ్మిదో పేజీ దగ్గర చూపు ఆగిపోయింది. ఈ ఉత్తరం ఆ పేజీ కోసమే.

ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ గురించి ముగిసి, స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మొదలయ్యే చోట మూడు వాక్యాలు రాశావు. పక్షవాతం వచ్చి కాస్త తేరుకున్నాక మీ నాన్నగారు బ్యాంకుకు వెళ్ళారు. సంతకం కలవలేదని కౌంటర్లో ఫారం వెనక్కిచ్చారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి ఆ రోజు వేలిముద్ర వేసి ఇంటికొచ్చారు. అంతే. వెంటనే పేరా మార్చి, "ఇక డేవిడ్ హ్యూమ్ విషయానికి వస్తే" అని వెళ్ళిపోయావు.

ఎందుకమ్మా అంత తొందర? పన్నెండు పేజీల్లో నువ్వు చూసి రాసినవి ఆ మూడు వాక్యాలే. మిగతాదంతా ఎవరో చెప్పగా విని రాసుకున్న నోట్సు.

"పాశ్చాత్య తత్వశాస్త్రంలో ఆత్మ స్వరూపం" అని పేరు పెట్టావు. పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను. ఆత్మ అనే మాట అరవై నాలుగు చోట్ల ఉంది. ఇంగ్లీషు పుస్తకంలో సెల్ఫ్ అని కనిపించిన ప్రతిచోటా ఆత్మ అని వేసుకుంటూ పోయావు. నాకు కోపం తెప్పించింది ఇదే. నలభై ఏళ్ళుగా ఈ ఒక్క మాటతో పోట్లాడుతున్నాను, కాబట్టి కాస్త ఓపిగ్గా విను.

ఆత్మ అనగానే మన పాఠకుడికి ఏం తోస్తుంది? ఒంట్లోంచి వెళ్ళిపోయేది. పేపర్లో శ్రద్ధాంజలి ఫొటో కింద శాంతి కలగాలని రాసేది. పిండం పెట్టి, కాకి వాలేదాకా ఎదురుచూసేది. ఆత్మకథ, ఆత్మగౌరవం అని అంటాం కదా అని నువ్వు అడగొచ్చు. అలాంటి సమాసాల్లో ఆ మాటకు "తన" అని మాత్రమే అర్థం. విడిగా నిలబెడితే మాత్రం అది ఇంకో లోకం సంగతే చెబుతుంది. మనకు "నేను" అనే మాట ఉంది. పిల్లలు మాటలు నేర్చుకునే రోజుల్లోనే పట్టుకునే మాట. దాన్ని వదిలి పెద్ద మాట కోసం ఎందుకు పరిగెత్తావు?

లాక్ దగ్గర ఈ పొరపాటు ఎంత నష్టం చేసిందో చూడు. మనిషి తెలివి గురించి రాసిన తన పెద్ద గ్రంథం రెండో కూర్పులో, 1694లో, ఒక వ్యక్తి ఎప్పటికీ అదే వ్యక్తి ఎలా అవుతాడన్న అధ్యాయాన్ని కొత్తగా చేర్చాడు. మిత్రుడు విలియం మోలినూ అడిగితే రాసింది అది. అందులో అతను పట్టుబట్టి చేసిన పని విడదీయడం. మనిషి శరీరం వేరు, ఆత్మ వేరు, నేను అని చెప్పుకునే వ్యక్తి వేరు. గ్రీకు పురాణంలో ట్రాయ్ యుద్ధం చూసిన వీరుడు నెస్టర్ ఆత్మే ఇవాళ ఒకడి ఒంట్లో ఉందనుకో. ఆ యుద్ధం తాలూకు ఒక్క ముక్క కూడా అతనికి తన అనుభవంగా తెలియదు. అతను నెస్టరేనా? కాదంటాడు లాక్. ఆత్మ అదే అయినా మనిషి అదే వ్యక్తి కాడు. పూర్వజన్మ మాట ప్రతి ఇంట్లో వినిపించే మన దేశంలో ఇది ఎంత పదునైన ప్రశ్న! దాన్ని నువ్వు "స్మృతియే ఆత్మ అని లాక్ నిర్వచించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అతను అంత కష్టపడి విడదీసినవాటిని ఒకే మాటతో మళ్ళీ కలిపి కుట్టేశావు.

వ్యక్తి అనేది కోర్టు మాట అని కూడా లాక్ అన్నాడు. ఎవరు చేసిన పనికి ఎవరు జవాబుదారీ, శిక్ష ఎవరికి, ప్రతిఫలం ఎవరికి, ఇవి తేల్చడానికి కావాల్సిన మాట అది. ఇది నీ వ్యాసంలో లేదు. ఉంటే ఆ బ్యాంకు సంగతి అక్కడ ఎందుకు రాశావో నీకే తెలిసేది.

ఇప్పుడు మీ నాన్నగారిని ఆ కౌంటర్ ముందు నిలబెట్టు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. ఖాతా ఎప్పుడు తెరిచారో, మొదటి జీతం ఎంతో, మీ అమ్మగారి పేరు నామినీగా ఏ రోజున రాశారో అడిగితే చెబుతారు. లాక్ లెక్కలో ఆయన ఆయనే. కానీ బ్యాంకు జ్ఞాపకాన్ని అడగదు, చేతిని అడుగుతుంది. ఆ చెయ్యి మాట వినదు. చెయ్యి నరికేస్తే, దాని వేడీ చల్లదనం మనకు తెలియకుండా పోతే, అది ఇక "నేను"లో భాగం కాదని లాక్ ఆ అధ్యాయంలోనే రాశాడు. మరి నరకని చెయ్యి, భుజానికి వేలాడుతూనే ఉన్న చెయ్యి, స్పర్శ తెలియకపోతే? అది ఆయనదా, కాదా? ఆ చేతిని ఆయన ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటారా? నిద్రలో కింద పడిపోయి నలిగితే ఎవరు సర్దుతారు? కుర్చీ పక్కన కూర్చుని చూసిన నువ్వే ఇది రాయగలవు. నాలాంటివాడు ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ వాక్యం దొరకదు.

స్కాట్లండ్ తత్వవేత్త థామస్ రీడ్ చెప్పిన సైనికాధికారి కథ ఎక్కించావు, బాగుంది. చిన్నప్పుడు పండ్లతోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్న కుర్రాడు, యుద్ధంలో శత్రువు జెండా లాక్కున్న యువ అధికారి, చివరికి జనరల్. జెండా లాక్కున్న రోజున దెబ్బలు గుర్తున్నాయి. జనరల్ అయ్యాక జెండా గుర్తుంది, దెబ్బలు మరిచిపోయాడు. లాక్ మాట ప్రకారమైతే ఈ జనరల్ ఆ కుర్రాడే, కాదు కూడా. 1785 నాటి ఈ కథ చిక్కు చూపించడానికి చాలు. ఇంగ్లీషు తత్వవేత్త పార్ఫిట్‌కు మాత్రం రెండు పేజీలు ఇచ్చావు. అతను ఊహించింది, మనిషిని అణువణువూ చదివి అంగారక గ్రహం మీద కొత్తగా తయారుచేసే యంత్రం. ఈ మధ్య ప్రతి కుర్ర రచయితా ఆ యంత్రం ఎక్కాలనే చూస్తున్నాడు. మా రోజుల్లో అందరూ ఫ్రెంచి అస్తిత్వవాది సార్త్ర్‌ని పట్టుకుని వేలాడేవాళ్ళు. చదివినవాడూ చదవనివాడూ అస్తిత్వం అనకుండా పేరా ముగించేవాడు కాదు. ఫ్యాషన్ మారుతుంది, ఆ రెండు పేజీలు పాతబడతాయి. అంగారకుడి దాకా పోనక్కర్లేదు, మీ బ్యాంకు చాలు. ఆ రెండు పేజీలూ తీసెయ్.

హ్యూమ్ దగ్గర నా సొంత గొడవ ఒకటి చెప్పాలి.

1979 ఎండాకాలం. గుంటూరు బ్రాడీపేటలో మేడమీద ఒక గది. అప్పటికి నా రచన ఒక్కటీ అచ్చు కాలేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన హ్యూమ్ పుస్తకాన్ని నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించుకుంటున్నాను. నేను అని పిలుచుకునే దాని లోపలికి ఎంత దగ్గరగా వెళ్ళి చూసినా ఏదో ఒక వేడో, చలో, వెలుగో, నీడో, ప్రేమో, ద్వేషమో తగులుతోంది తప్ప, అవేవీ లేకుండా "నేను" విడిగా ఎప్పుడూ దొరకలేదంటాడు అతను. ఆ వాక్యం రాస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో నవ్వారు మంచం మీద పడుకుని, సరే నేనూ చూద్దామని వెతికాను. వీపుకి అంటుకున్న బనీను. చెవి దగ్గర దోమ. కింద వాటా వాళ్ళింట్లో ఇంగువ పోపు వాసన. రెండు నెలల అద్దె బాకీ, పొద్దున్నే ఇంటావిడ మెట్ల మీద ఎదురైతే ఏం చెప్పాలన్న టెన్షన్. వీటన్నిటి మధ్యా గంటసేపు వెతికాను. నేను దొరకలేదు. భయమేసింది. ఆ భయం దొరికింది.

మర్నాడు అదంతా వ్యాసంగా రాసి ఒక వారపత్రికకు పంపాను. తిరుగు స్టాంపులు కొనడానికి ఒక పూట భోజనం మానేశాను. ఎడిటర్ గారు కార్డు రాశారు, తత్వవ్యాసంలో దోమలూ అద్దెలూ ఎందుకని. చివరికి అచ్చయింది. దోమ లేదు, పోపు లేదు, ఇంటావిడ లేదు. నేను అని రాసిన ప్రతిచోటా ఆత్మ అని దిద్దారు. "ఆత్మాన్వేషణ" అని పేరు మార్చారు. ఒక పెద్దాయన మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, ఈ వయసులోనే ఇంత వైరాగ్యం అబ్బినందుకు ఆశీర్వదిస్తున్నానని. నా మొట్టమొదటి అచ్చు వ్యాసం అది. నా దగ్గర ఒక్క కాపీ కూడా ఉంచుకోలేదు. ఇప్పుడు అదే పని నీ వ్యాసానికి నువ్వే చేసుకుంటున్నావు, ఏ ఎడిటరూ అడగకుండానే. అందుకే మొదటి రోజు అంత కోపమొచ్చింది.

హ్యూమ్ గురించి ఇంకొక్క మాట. నేను అంటే అనుభవాల మూట అని చెప్పాడని రాసి ఊరుకున్నావు. 1739లో పుస్తకం వచ్చింది. అది అచ్చుయంత్రం నుంచే చచ్చి పుట్టిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మరుసటేడు మూడో సంపుటం చివర అనుబంధంలో ఇదే విషయానికి తిరిగొచ్చి, తాను చెప్పింది తనకే తృప్తిగా లేదని, పద్మవ్యూహంలో చిక్కుకున్నట్టుందని, సరిదిద్దుకునే దారి కనబడడం లేదని ఒప్పుకున్నాడు. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఎవరూ అడగకుండా అలా అచ్చులో రాయడానికి ఎంత గుండె కావాలి! ఆ అనుబంధం చదవకుండా హ్యూమ్‌ని ముగించకు. ఇంకో సంగతి, ఆ పుస్తకంలో చాలా భాగం అతను ఫ్రాన్సులో లా ఫ్లెష్ అనే ఊళ్ళో రాశాడు. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ చిన్నప్పుడు చదువుకున్న బడి ఉన్న ఊరది. "నేను" ఒక్కటే నిస్సందేహం అన్నవాడూ, "నేను" దొరకలేదన్నవాడూ ఒకే వీధుల్లో నడిచారు.

డెకార్ట్ గురించి రాస్తూ ఎలిజబెత్‌ని వదిలేశావు, అది నాకు బాధ కలిగించింది. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బొహీమియా రాకుమారి. రాజ్యం పోయి హేగ్ నగరంలో ప్రవాసంలో ఉన్న కుటుంబం. 1643లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆమె డెకార్ట్‌కి రాసిన ఉత్తరంలో అడిగింది ఒక్కటే. ఆకారం లేని ఆత్మ ఈ ఒంటిని ఎలా కదుపుతుంది? ఇక్కడ ఆత్మ అనే మాట చెల్లుతుంది, వాళ్ళిద్దరూ నిజంగా దాని గురించే మాట్లాడుకుంటున్నారు. డెకార్ట్ జవాబులతో ఆమెకు తృప్తి కలగలేదు, కలగలేదని మర్యాదగా, గట్టిగా రాసింది. చివరికి అతను, ఆత్మా శరీరం కలిసి ఒకటిగా ఉండడం ధ్యానం చేస్తే అర్థం కాదని, ఆ ఆలోచన పక్కనపెట్టి రోజువారీ బతుకులో, మామూలు మాటల్లో ఉంటేనే తెలుస్తుందని రాశాడు. అన్నిటినీ సందేహిస్తూ ఒంటరిగా కూర్చున్న మనిషి చేత ఆ మాట అనిపించింది ఆమే. మీ నాన్నగారి చెయ్యి ఎందుకు కదలడం లేదన్నది ఆమె అడిగిన ప్రశ్నే కదా.

మామూలు మాటలు అన్నాడు కాబట్టి మన మాటల సంగతికి వస్తాను. డెకార్ట్ మాటని "నేను ఆలోచిస్తున్నాను, కాబట్టి నేను ఉన్నాను" అని రాశావు. ఫ్రెంచిలో ఆ రెండు నేనులూ తప్పవు. లోకమంతా చెప్పుకునే లాటిన్ మాట "కోగిటో ఎర్గో సుమ్"లో మాత్రం నేను విడిగా లేదు, క్రియలోనే కలిసిపోయింది. మనకూ అంతే. వచ్చాను, తిన్నాను, భయపడ్డాను. ఆ చివరి "ను" చూడు. విడిగా తీస్తే దానికి అర్థం లేదు. తీసేస్తే వాక్యం ఎవరిదో తెలియదు. నా తలపులన్నిటికీ "నేను అనుకుంటున్నాను" అనేది తోడుగా ఉండగలగాలని జర్మన్ తత్వవేత్త కాంట్ చెప్పింది, అదొక వస్తువులా విడిగా కనబడదని అన్నది, నాకు ఈ "ను" వల్లే అర్థమైంది. నువ్వు కాంట్ మీద రాసిన పేరాలో పదకొండు సంస్కృత సమాసాలున్నాయి. ఈ ఒక్క అక్షరంతో మళ్ళీ ప్రయత్నించు.

జర్మనీలో గొట్టింగెన్‌లో లిష్టెన్‌బర్గ్ అని ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. వ్యాపారుల చిట్టా పుస్తకాల్లాంటి నోటుబుక్కుల్లో తోచినవి రాసుకునేవాడు. మెరుపు మెరిసింది అన్నట్టే ఆలోచన జరుగుతోంది అనాలి, నేను ఆలోచిస్తున్నాను అనడం అప్పుడే ఎక్కువ చెప్పడమని అందులో రాశాడు. ఆలోచన నేను రమ్మన్నప్పుడు రాదు, దానికి రావాలనిపించినప్పుడు వస్తుందని 1886లో జర్మన్ తత్వవేత్త నీషే అన్నాడు. ఈ మాట చెప్పడానికి వాళ్ళు తమ వ్యాకరణంతోనే తగువు పడాల్సి వచ్చింది. మనం రోజూ అనేదే అది. నాకు అనిపించింది. నాకు ఆకలేస్తోంది. నాకు తోచలేదు. ఇందులో నేను ఉన్నాను, కానీ చేసేవాడిగా లేను, వచ్చినదాన్ని అందుకునేవాడిగా ఉన్నాను. తెలుగులో తత్వం రాయడానికి మాటలు లేవని నువ్వు ఉత్తరంలో వాపోయావు. నీ నాలుక మీదే ఉన్నాయమ్మా.

ఇదంతా మన ఉపనిషత్తులు ఎప్పుడో చెప్పాయని ముగించావు. ఆ వాక్యం కొట్టేశాను. ఉపనిషత్తులు వెతికింది పుట్టనిదాన్ని, చావనిదాన్ని. లాక్ వెతికింది కోర్టులో నిలబడి అవును నేనే చేశాను అనేవాణ్ణి. రెండూ గొప్పవే, రెండూ ఒకటి కావు. బుద్ధుడి గురించి అడిగావు, దానికి ఇంకో ఉత్తరం కావాలి.

మీ నాన్నగారి చెయ్యి మొరాయించినప్పుడు ఆయన ఏమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది. "చెయ్యి ఎత్తలేకపోతున్నాను" అంటారా, "చెయ్యి రావడం లేదు" అంటారా? ఒకదానిలో నేను ఉంది, ఇంకోదానిలో చెయ్యే కర్త. ఆయన ఎలా అంటే అలాగే రాయి, దిద్దొద్దు. పొద్దున ఒక మాట, రాత్రి ఒక మాట అంటే రెండూ రాయి. అక్కణ్ణించి మొదలుపెట్టి లాక్ దగ్గరికి వెళ్ళు, ఎలిజబెత్ దగ్గరికి వెళ్ళు, మళ్ళీ ఆ కుర్చీ దగ్గరికి రా. పన్నెండు పేజీలు ఆరు అయినా పర్వాలేదు.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. తొమ్మిదో పేజీ జిరాక్స్ తీయించి ఒక కాపీ నా దగ్గర ఉంచుకున్నాను. ఇంట్లో వెతికితే మీ నాన్నగారి పాత సంతకం ఉన్న కాగితం ఏదైనా దొరుకుతుంది, ఏ ప్రోగ్రెస్ కార్డు మీదో, నీ టీసీ మీదో. దొరికితే ఒక కాపీ పంపు. "ళ"కో "శ"కో ఆయన తోక ఎలా తిప్పేవారో చూడాలని ఉంది.

ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు